ఓడలో తమ్ముడి కోసం తెలుగులో ఏడ్చాడు.. దుఃఖానికి, డిప్రెషన్‌కి తేడా ఏంటో చెప్పే జిడ్డు కృష్ణమూర్తి జీవితం

1925 నవంబర్ నెల మధ్యలో ఒక ఓడ సూయజ్ కాలువ దాటి కొలంబో వైపు వస్తోంది. అందులో 30 ఏళ్ల యువకుడు ఒకరు ఉన్నారు. ప్రపంచవ్యాప్తంగా వేలమంది ఆయన్ని రాబోయే జగద్గురువు అని నమ్ముతున్నారు. అలాంటి మనిషికి ఓడలో ఉండగానే టెలిగ్రామ్ అందింది. అమెరికాలో తమ్ముడు చనిపోయాడని అందులో ఉంది. ఆ క్షణం నుంచి ఆ జగద్గురువు మామూలు అన్నయ్య అయిపోయాడు. పగలంతా ఎవరితోనూ మాట లేదు. రాత్రయితే నిద్రలో తమ్ముడి పేరు పెట్టి ఏడ్చేవాడు. ఆ ఏడుపులో అప్పుడప్పుడు తెలుగు మాటలు వచ్చేవని అదే క్యాబిన్‌లో ఉన్న మిత్రుడు శివరావు తర్వాత చెప్పారు. విచిత్రం ఏంటంటే మెలకువలో ఉన్నప్పుడు ఆయనకి తెలుగు రాదు. చిన్నప్పుడే ఇంగ్లాండ్ వెళ్లిపోవడంతో మాతృభాష పూర్తిగా మర్చిపోయారు.

ఆయనే మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి.

ఇప్పుడు ఈ కథ ఎందుకంటే.. మన ఇళ్లల్లో బాధ, దిగులు, బెంగ, డిప్రెషన్ అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం. నాలుగు రోజులు ఏడిస్తే డిప్రెషన్ అంటాం. నిజంగా డిప్రెషన్ వచ్చినోళ్లని మాత్రం కాస్త ధైర్యం తెచ్చుకో అని వదిలేస్తాం. కృష్ణమూర్తి జీవితంలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఆయనకే వచ్చిన దుఃఖం. రెండోది ఆయనకు అత్యంత సన్నిహితుడైన ఒక శాస్త్రవేత్తకు వచ్చిన జబ్బు.

మదనపల్లెలో ఎనిమిదో బిడ్డ

కృష్ణమూర్తి 1895 మే నెలలో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా వచ్చాక ఇటు కలిసింది. తండ్రి జిడ్డు నారాయణయ్య బ్రిటిష్ ప్రభుత్వంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. మూడేళ్లకు తమ్ముడు నిత్యానంద పుట్టాడు. ఇంట్లో అందరూ నిత్య అనేవారు.

ఆ ఇంట్లో చావులు ఎక్కువ. పుట్టిన పిల్లల్లో చాలామంది చిన్నప్పుడే పోయారు. కృష్ణకి మలేరియా వచ్చి ఏళ్ల తరబడి పీడించింది. 1904లో పెద్దక్క చనిపోయింది. మరుసటి ఏడాదే కడపలో తల్లి కూడా పోయింది. అప్పటికి పిల్లాడికి పదేళ్లు.

ఆ తర్వాత బడిలో ఆ అబ్బాయి ఎలా ఉండేవాడో తెలుసా? కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. పాఠం ఎక్కేది కాదు. అయ్యవార్లు మొద్దు అని తేల్చేశారు, కొట్టారు కూడా. నిత్య మాత్రం చురుకు. అన్నాదమ్ములిద్దరూ ఒకరి చేయి ఒకరు వదిలేవారు కాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. తల్లి పోయిన పదేళ్ల పిల్లాడు పరధ్యానంగా ఉంటే దానికి మొద్దుతనం అని పేరు పెట్టడం 1905లోనే కాదు, ఇప్పటికీ జరుగుతోంది. పిల్లల్లో దిగులు పెద్దవాళ్లలోలాగా కనిపించదు. చిరాకు, మొండితనం, ఊరికే కడుపునొప్పి అనడం, మార్కులు తగ్గడం, ఆటలకు పోకపోవడం.. ఇలా బయటపడుతుంది. కృష్ణకి ఉన్నది డిప్రెషన్ అని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. పోయినవాళ్లకి జబ్బు పేర్లు తగిలించడం థంబ్‌నెయిల్స్‌కి పనికొస్తుందేమో కానీ వైద్యం కాదు. కానీ ఆ వయసులో ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని ఏమైందిరా అని అడగాల్సిన అవసరం మాత్రం కచ్చితంగా ఉంది.

అడయారు సముద్రం ఒడ్డున మలుపు

నారాయణయ్య రిటైర్ అయ్యాక 1909లో కుటుంబాన్ని తీసుకుని మద్రాసు చేరారు. అడయారులో థియోసాఫికల్ సొసైటీలో చిన్న ఉద్యోగం. అక్కడి సముద్రం ఒడ్డున ఆడుకుంటున్న బక్కపల్చని పిల్లాడిని సొసైటీ పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ చూశారు. ఈ అబ్బాయే భవిష్యత్తులో లోకానికి బోధకుడు అవుతాడన్నారు. అనీబిసెంట్ ఆ మాట నమ్మి అన్నదమ్ములిద్దరినీ తన సంరక్షణలోకి తీసుకున్నారు. 1911లో కృష్ణ అధిపతిగా ఒక సంస్థే పుట్టింది. దాని పేరు ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్. అదే ఏడాది ఇద్దరూ ఇంగ్లాండ్ వెళ్లారు. కన్నతండ్రి పిల్లల కోసం కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టులో గెలిచినా 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌లో ఓడిపోయారు.

ఇంగ్లాండ్‌లో కృష్ణ పరీక్షలు మళ్లీ మళ్లీ తప్పారు. నిత్య మాత్రం లా పూర్తిచేశాడు. పరాయి దేశం, పరాయి భాష, నెత్తిన జగద్గురువు అనే బరువు. సొంతం అనుకోవడానికి ఉన్నది ఒక్క తమ్ముడే.

ఆ తమ్ముడికి 1921లో టీబీ బయటపడింది. అప్పట్లో టీబీకి మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి.. అంతే వైద్యం. వాతావరణం పడుతుందని 1922లో ఇద్దరూ కాలిఫోర్నియాలోని ఓహై లోయకి చేరారు. అన్నట్టు సరిగ్గా అలాంటి గాలి కోసమే 1910ల్లో వీళ్ల సొంతూరు మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో టీబీ శానిటోరియం కట్టారు. దక్షిణాది నలుమూలల నుంచి రోగులు అక్కడికొచ్చేవారు.

ఓహైలో ఉన్నప్పుడే కృష్ణమూర్తికి మెడలో, తలలో విపరీతమైన నొప్పులు, స్పృహ తప్పడం లాంటివి మొదలయ్యాయి. ఆయన సన్నిహితులు దాన్ని ఆధ్యాత్మిక అనుభవం అన్నారు. తర్వాత తరాల వాళ్లు రకరకాల జబ్బుల పేర్లు చెప్పారు. ఎవరిది నిజమో తేల్చే పరీక్ష అప్పుడు జరగలేదు. కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

నమ్మకం విరిగిన రోజు

1925 డిసెంబర్‌లో అడయారులో సొసైటీ 50 ఏళ్ల ఉత్సవాలు. కృష్ణమూర్తి రావాల్సిందే అన్నారు. ఓహైలో నిత్య పరిస్థితి ఏమీ బాలేదు. కానీ కృష్ణమూర్తికి ఒక గట్టి నమ్మకం ఉంది. తన పనికి తమ్ముడు అవసరం కాబట్టి అదృశ్య గురువులు అతన్ని చావనివ్వరని. ఆ నమ్మకంతోనే బయల్దేరారు. దారిలో టెలిగ్రామ్ వచ్చింది. నవంబర్ 13న నిత్య చనిపోయాడు. వయసు 27.

అంటే పోయింది తమ్ముడు ఒక్కడే కాదు, ఇన్నాళ్లు నిలబెట్టిన నమ్మకం కూడా.

ఓడలో ఆయన కుప్పకూలిపోయారు. ఏడ్చారు, మూలిగారు. రోజులు గడిచేకొద్దీ శివరావు మరో మార్పు గమనించారు. కృష్ణమూర్తి తన బాధని తప్పించుకోవడం మానేసి దానివైపు చూడటం మొదలుపెట్టారు. కొలంబో చేరేసరికి ముఖంలో ఒక ప్రశాంతత వచ్చింది. అడయారు చేరాక పనిలో దిగారు. తమ్ముడి గురించి రాశారు, మాట్లాడారు. మర్చిపోలేదు. కానీ విరిగిపోలేదు.

దుఃఖం ఎలా ఉంటుందో చెప్పడానికి సైకియాట్రిస్టులు చెప్పే గుర్తులన్నీ ఇందులో ఉన్నాయి. దుఃఖం అలల్లా వస్తుంది. పోయినవాళ్ల ఫొటో, పేరు, వాళ్లకిష్టమైన కూర కనిపిస్తే ఒక్కసారిగా తన్నుకొస్తుంది. మధ్యలో కాస్త తెరిపి ఉంటుంది. పాత సంగతి గుర్తొచ్చి నవ్వు కూడా వస్తుంది. పక్కన మనిషి కూర్చుంటే ఊరట కలుగుతుంది. అన్నింటికన్నా ముఖ్యం.. పోయినవాళ్ల మీద బెంగ ఉంటుంది తప్ప తాను పనికిమాలినవాణ్ణి అనే భావన ఉండదు. దీనికి మందు అక్కర్లేదు. మనిషి తోడు, కొంత కాలం చాలు. మన వైపు పెద్దకర్మ దాకా ఇల్లంతా బంధువులతో నిండి ఉండేది అందుకేనేమో.

అయితే ఒక జాగ్రత్త. కృష్ణమూర్తి కొలంబో చేరేలోగా తేరుకున్నారు కదా, నువ్వెందుకు తేరుకోవు అని ఎవరినీ అడగకూడదు. భర్త పోయిన మనిషికి, బిడ్డ పోయిన తల్లికి ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆ తీవ్రత ఏమాత్రం తగ్గకుండా, రోజువారీ పనులు కూడా సాగనివ్వకుండా నెలల తరబడి ఉంటేనే డాక్టర్లు దాన్ని విడని దుఃఖం అనే సమస్యగా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో అందుకు కనీసం 6 నెలల గడువు ఉంది. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో పెద్దవాళ్లకి ఏడాది. ఇంకో సంగతి.. దుఃఖంలో ఉన్న మనిషికి దానిమీద డిప్రెషన్ కూడా రావొచ్చు. చావు జరిగిన ఇల్లు కాబట్టి ఇదంతా మామూలే అని వదిలేస్తే పట్టుకోలేం.

నిత్య పోయిన నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో వేలమంది అనుచరుల ముందు కృష్ణమూర్తి తన పేరు మీద నడుస్తున్న సంస్థని రద్దు చేశారు. అనీబిసెంట్ కూడా అక్కడే ఉన్నారు. విరాళంగా వచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. నేను గురువుని కాదు, నాకు శిష్యులు వద్దు అన్నది ఆయన మాటల సారాంశం. అక్కణ్ణుంచి దాదాపు ఆరు దశాబ్దాలు దేశదేశాలు తిరిగి ప్రసంగించారు. సొంతూరికి దగ్గర్లో పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయలో రిషి వ్యాలీ స్కూల్ పెరిగింది. ఆయన ఏటా వచ్చి పిల్లలతో, టీచర్లతో కూర్చునేవారు. భయం, పోలిక, ఒంటరితనం గురించి మాట్లాడేవారు. మొద్దు అని దెబ్బలు తిన్న పిల్లాడు పెట్టిన స్కూల్‌లో పిల్లల్ని పోల్చకూడదనే నియమం ఉండటంలో ఆశ్చర్యం ఏముంది?

అదే బల్ల దగ్గర కూర్చున్న డేవిడ్ బోమ్ కథ

ఇప్పుడు రెండో మనిషి. డేవిడ్ బోమ్. 1917లో అమెరికాలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త. క్వాంటం సిద్ధాంతంలో పెద్ద పేరు. రాజకీయ వేధింపుల వల్ల 1951లో అమెరికా వదిలి బ్రెజిల్, ఇజ్రాయెల్ మీదుగా ఇంగ్లాండ్‌లో స్థిరపడ్డారు. 1961లో లండన్‌లో కృష్ణమూర్తిని కలిశారు. ఆ స్నేహం పాతికేళ్లు సాగింది. ఇద్దరి సంభాషణలు పుస్తకాలుగా వచ్చాయి. వీడియోలు ఇప్పటికీ మొబైల్‌లో దొరుకుతాయి. 1976లో బ్రాక్‌వుడ్ పార్క్‌లో జరిగిన చర్చల్లో వీళ్లిద్దరితో పాటు డేవిడ్ షైన్‌బర్గ్ అనే న్యూయార్క్ సైకియాట్రిస్ట్ కూడా కూర్చున్నారు.

మనసు ఎలా పనిచేస్తుందో, ఆలోచన మనిషిని ఎలా బంధిస్తుందో ఇంత లోతుగా మాట్లాడినవాళ్లు అరుదు. అయినా బోమ్‌కి డిప్రెషన్ వచ్చింది. ఒకసారి కాదు, జీవితంలో చాలాసార్లు. 1991లో మరీ తీవ్రమై లండన్‌లోని మాడ్‌స్లీ మానసిక ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. అక్కడ మందులతో పాటు ఈసీటీ, అంటే మన సినిమాల్లో భయంకరంగా చూపించే కరెంటు చికిత్స కూడా ఇచ్చారు. దానివల్ల ఆయన మెరుగయ్యారు. నెలల తర్వాత ఇంటికెళ్లి మళ్లీ పనిలో పడ్డారు. 1992 అక్టోబర్‌లో గుండె ఆగి చనిపోయేదాకా పనిచేస్తూనే ఉన్నారు. సినిమాల్లో చూపించినట్టు కాకుండా ఈసీటీని ఇప్పుడు మత్తు ఇచ్చి, డాక్టర్ల పర్యవేక్షణలో ఇస్తారు. ఇతర చికిత్సలు పనిచేయని తీవ్రమైన డిప్రెషన్‌కి వాడతారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఇద్దరూ మేధావులే, ఇద్దరికీ మనసు గురించి తెలుసు. కృష్ణమూర్తికి వచ్చింది దుఃఖం. దాన్ని చూస్తూ కూర్చుంటే అది కరిగింది. బోమ్‌కి వచ్చింది జబ్బు. దాన్ని ఎంత చూసినా, ఎంత అర్థం చేసుకున్నా కరగలేదు. ఆస్పత్రి కావాల్సి వచ్చింది. కృష్ణమూర్తికి మానసిక విశ్లేషణ మీద పెద్దగా గురి లేదు, ఆ మాట ఆయన బాహాటంగానే చెప్పేవారు. అంతమాత్రాన ఆయన ప్రసంగాలు చూసి డిప్రెషన్ తగ్గించుకుందాం, మాత్రలు మానేద్దాం అనుకుంటే మాత్రం ప్రమాదం. ధ్యానం, గుడి, ప్రవచనం, యోగా మంచివే. కానీ అవి చికిత్సకి తోడు, దానికి బదులు కాదు.

డిప్రెషన్ గుర్తులు ఇలా ఉంటాయి. మనసు రోజంతా బరువుగా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు పైబడి ఉంటుంది. లేదా ఇంతకుముందు ఇష్టమైన దేనిమీదా ఆసక్తి ఉండదు. మనవడు ఒళ్లో కూర్చున్నా ఏమీ అనిపించదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, లేదంటే ఎంత నిద్రపోయినా చాలదు. ఆకలి పోతుంది, ఒళ్లు తగ్గుతుంది. మాట, నడక నెమ్మదిస్తాయి. అన్నింటికీ నేనే కారణం, నేను ఇంటికి బరువు అనిపిస్తుంది. మన పల్లెల్లో ఇది మనసు మాటగా బయటికి రాదు. తలబరువు, ఒళ్లు మంటలు, నీరసం, గ్యాస్ అని చెప్తారు. గ్లూకోజ్ సీసాలు ఎక్కించుకుని, స్కానింగ్‌లు తీయించుకుని, గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించుకుని, చివరాఖరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి వస్తారు. అలాగని రక్తహీనత, థైరాయిడ్ సమస్య కూడా అచ్చం ఇలాగే కనిపించొచ్చు. అందుకే డాక్టర్ రక్తపరీక్ష రాస్తే ఎందుకని అనుకోవద్దు.

హుషారు కూడా జబ్బు కావొచ్చు

ఇంకో తేడా చాలామందికి తెలియదు. బైపోలార్ డిజార్డర్‌లో డిప్రెషన్ ఒక వైపు మాత్రమే. రెండో వైపు మేనియా. మనిషి రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసిపోడు. ఆపకుండా మాట్లాడతాడు. అప్పు తెచ్చి పెద్ద పెద్ద వ్యాపారాలు మొదలుపెడతాడు. అడ్డం చెప్తే విరుచుకుపడతాడు. ఇది వారం పాటు సాగితే మేనియా కిందే చూస్తారు. నాలుగు రోజులు, కాస్త తక్కువ మోతాదులో ఉంటే హైపోమేనియా. ఇంట్లోవాళ్లు మాత్రం మావాడు ఇప్పుడు చాలా హుషారుగా ఉన్నాడు అని సంబరపడతారు.

సమస్య ఏంటంటే చాలామందికి ముందు డిప్రెషన్ వస్తుంది, మేనియా తర్వాతెప్పుడో బయటపడుతుంది. బైపోలార్ ఉన్న మనిషికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మేనియాలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్ దగ్గరికెళ్లినప్పుడు దిగులు సంగతే కాదు, గతంలో అతిగా హుషారుగా ఉన్న రోజుల గురించి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అనే దాని గురించి కూడా చెప్పాలి. ఈ పని పేషెంట్ కన్నా తోడెళ్లిన అమ్మో, భార్యో, అన్నో బాగా చేయగలరు. బైపోలార్‌కి లిథియం పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ ప్రకటించారు. ఇప్పటికీ అది ముఖ్యమైన మందే. వాడేవాళ్లు రక్తంలో దాని మోతాదు ఎప్పటికప్పుడు చూపించుకోవాలి.

మందుల మాట వచ్చింది కాబట్టి నిత్య దగ్గరికి ఒకసారి వెళ్లాలి. అతను పోయిన 27 ఏళ్లకు, 1952లో న్యూయార్క్‌లోని ఒక టీబీ ఆస్పత్రిలో ఇప్రోనియాజిడ్ అనే కొత్త టీబీ మందు వాడి చూశారు. ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచితే, రోగుల మనసు తేలికపడటం డాక్టర్లు గమనించారు. 1957లో దాన్ని డిప్రెషన్‌కి వాడటం మొదలైంది. డిప్రెషన్‌కి వచ్చిన మొదటి మందుల్లో అదొకటి. కాలేయానికి హాని చేస్తోందని తర్వాత ఆపేశారు. కానీ దాని వెనకే వేరే మందులు వచ్చాయి. నిత్యని తీసుకెళ్లిన జబ్బుకి మందు వెతుకుతుంటే దిగులు జబ్బుకి మందు దొరికింది.

ఎప్పుడు వెళ్లాలి.. ఎక్కడికి వెళ్లాలి

రెండు వారాలు దాటి మనసు బాలేకపోతే, ఉద్యోగం, చదువు, వంట లాంటి రోజువారీ పనులు ఆగిపోతుంటే వెళ్లాలి. కాన్పయిన బాలింత బిడ్డ వైపు చూడకుండా ఏడుస్తూ ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. చనిపోవాలనిపిస్తోంది అనే మాట వినిపిస్తే రెండు వారాలు లెక్కపెట్టొద్దు, అదే రోజు వెళ్లాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మాత్రలు అందకుండా దాచేయాలి. ఆ మాట సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే మనిషి బరువు కొంత దిగుతుంది.

తిరుపతిలో రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లకి వెల్లూరు సీఎంసీ దగ్గర. దాని మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో 1957 నుంచి నడుస్తోంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లు ఎక్కువగా బెంగళూరు నిమ్హాన్స్‌కి బస్సెక్కుతారు. అంతదూరం వెళ్లలేకపోతే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మందులు మొదలుపెట్టాక పని కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని ఏం లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. బాగయ్యాక కూడా డాక్టర్ చెప్పేదాకా ఆపకూడదు.

కృష్ణమూర్తి చివరిసారిగా 1985 ఆఖర్లో రిషి వ్యాలీ వచ్చారు. అప్పటికే ఒంట్లో బాలేదు, బరువు తగ్గిపోతున్నారు. 1986 జనవరిలో మద్రాసులో ఆఖరి ప్రసంగం చేసి ఓహై వెళ్లారు. అక్కడి డాక్టర్లు పాంక్రియాస్ క్యాన్సర్ అని తేల్చారు. ఫిబ్రవరి 17న 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 60 ఏళ్ల కిందట నిత్య పోయింది కూడా ఆ లోయలోనే.